దేవుడు మనల్ని నమ్మొచ్చా?

చర్చిలో నిలబడి నేను చెప్పిన సాక్ష్యానికి అందరూ చప్పట్లు కొట్టారు. అందులో ఒక ముక్క దాచాను. దాన్ని బయటపెట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

2021 సెప్టెంబర్‌లో ఒక ఆదివారం. ప్రకాశం జిల్లాలో మా ఊరి చర్చి. పట్టుమని అరవై కుటుంబాలు కూడా లేని చిన్న సంఘం. ఆరాధన మధ్యలో సాక్ష్యాల సమయం వచ్చింది. చర్చి అలవాటు లేనివాళ్ళ కోసం చెప్తున్నా, ఇది కోర్టు సాక్ష్యం కాదు. ఆ వారంలో దేవుడు తమకు చేసిన మేలు ఏదైనా ఉంటే లేచి అందరి ముందూ చెప్పుకుంటారు. జ్వరం తగ్గిందనో, అప్పు తీరిందనో, కూతురికి కాన్పు సుఖంగా అయిందనో. విన్నవాళ్ళు "స్తోత్రం" అంటారు.

ఆ రోజు నేను లేచాను. "ప్రభువు నామంలో అందరికీ వందనాలు" అని మొదలుపెట్టాను. బీటెక్ అయ్యాక రెండేళ్ళు ఖాళీగా ఉన్నాననీ, కోవిడ్‌లో ఇంటర్వ్యూలు కూడా ఆగిపోయాయనీ, నాన్న అప్పు చేసి కోర్సు ఫీజు కట్టాడనీ, ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిందనీ, ఇదంతా దేవుడు చేసిన అద్భుతమనీ చెప్పాను. చప్పట్లు మోగాయి. వెనక వరసలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. మా నాయనమ్మ తన పింఛన్‌లోంచి 500 రూపాయలు కవర్లో పెట్టి కృతజ్ఞత కానుక వేసింది. అయ్యగారు ఆ కవరు మీద నా పేరు చదివి ప్రార్థన చేశారు.

నేను చెప్పని ముక్క ఏంటంటే, ఆ ఉద్యోగం ఫేక్ ఎక్స్‌పీరియన్స్‌తో వచ్చింది.

అమీర్‌పేటలో కోర్సు చేసినవాళ్ళకి దీని గురించి కొత్తగా చెప్పేదేం లేదు. ఫ్రెషర్‌కి పిలుపులు రావు. రెండు మూడేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళకి రోజుకి నాలుగు ఫోన్లు వస్తాయి. అందుకని డబ్బులు తీసుకుని ఎప్పుడూ పనిచేయని కంపెనీలో పనిచేసినట్టు ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్ తయారుచేసి ఇచ్చేవాళ్ళుంటారు. దీన్నే "ఫేక్ పెట్టడం" అంటాం. నేను పెట్టింది రెండున్నరేళ్ళు. "అందరూ పెడుతున్నారు బ్రో, పని వచ్చుగా నీకు" అన్నాడు రూమ్మేట్. నిజమే, పని వచ్చు. రాత్రింబవళ్ళు నేర్చుకున్నా. ఇంటర్వ్యూలో అడిగిన టెక్నికల్ ప్రశ్నలకి సమాధానాలు నావే. అబద్ధమల్లా ఆ రెండున్నరేళ్ళే.

ఊరి నుంచి తిరిగొస్తుంటే బస్సులో ఒక్కటే ఆలోచన. ఈ ఉద్యోగం దేవుడే ఇచ్చాడా? ఇస్తే, ఆ పేస్లిప్పులు కూడా ఆయనే ఇచ్చినట్టా?

నమ్మడం వేరు, నమ్మకంగా ఉండటం వేరు

మన చర్చిల్లో మామూలు సభ్యుణ్ణి "విశ్వాసి" అంటారు. పాస్టరు కాదు, సంఘ పెద్ద కాదు, కీబోర్డు వాయించేవాడు కూడా కాదు. వచ్చి చాప మీద కూర్చుని పాట పాడి, వాక్యం విని, కానుక వేసి వెళ్ళేవాడు. నాలాంటివాడు.

కానీ తెలుగులో విశ్వాసం అన్న మాటకి రెండు అర్థాలున్నాయి. ఒకటి దేవుడున్నాడని నమ్మడం. రెండోది, "కుక్కకున్న విశ్వాసం కూడా లేదు వీడికి" అన్నప్పుడు మనం చెప్పే అర్థం. అన్నం పెట్టిన చేతిని మర్చిపోకపోవడం, చూడనప్పుడు కూడా ద్రోహం చేయకపోవడం. నమ్మకం అన్న మాట కూడా అంతే. నాకు ఆయన మీద నమ్మకం ఉందంటే ఒక అర్థం. ఆయన నమ్మకస్తుడంటే ఇంకో అర్థం.

నేను చిన్నప్పటి నుంచీ మొదటి అర్థం దగ్గరే ఆగిపోయాను. సండే స్కూల్లో, యూత్ మీటింగుల్లో, ఉజ్జీవ కూటాల్లో అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: నువ్వు దేవుణ్ణి నమ్ముతున్నావా? చెయ్యెత్తేవాణ్ణి. రెండో ప్రశ్న నన్నెవరూ అడిగిన గుర్తు లేదు: దేవుడు నిన్ను నమ్మొచ్చా?

మత్తయి సువార్త 25వ అధ్యాయంలో తలాంతుల కథ అందరికీ తెలిసిందే. యజమాని ఊరెళ్తూ ఒకడికి అయిదు, ఒకడికి రెండు, ఒకడికి ఒకటి అప్పగిస్తాడు. తిరిగొచ్చి లెక్క అడుగుతాడు. అయిదుకి అయిదు సంపాదించినవాడినీ, రెండుకి రెండు సంపాదించినవాడినీ ఒకే మాటలతో మెచ్చుకుంటాడు. ఆ మెచ్చుకోలులో "తెలివైన" లేదు, "గొప్ప" లేదు. "నమ్మకమైన" అన్న మాట ఉంది. ఎంత తెచ్చాడన్నదాన్ని బట్టి మెప్పు మారలేదు. ఈ కథ మీద నేను కనీసం ఇరవై ప్రసంగాలు విని ఉంటాను. ప్రతిసారీ టాలెంట్ ఎలా వాడుకోవాలన్నదే గుర్తుపెట్టుకున్నా. లెక్క అడుగుతాడన్న సంగతి పట్టించుకోలేదు.

జులై 3 తర్వాత జులై 4

మా ప్రాంతం బాప్టిస్టుల చరిత్రలో ఒక తేదీ చాలా పెద్దది. 1878 జులై 3. ఆ రోజు ఒంగోలుకి ఉత్తరంగా గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ నీళ్ళలో దిగి ఇచ్చారు. మా యూత్ మీటింగుల్లో ఈ అంకె చెప్పగానే చప్పట్లు మోగుతాయి.

కానీ ఆ అంకెకి ముందు జరిగింది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. అప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ ఒకప్పుడు సర్వేయరుగా పనిచేసినవాడు. ఆ అనుభవంతో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న జనానికి కూలి పని ఇచ్చాడు. వేలమంది వచ్చారు. చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. తిండి కోసం వస్తున్నారో దేవుడి కోసం వస్తున్నారో తేలాలని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి డబ్బులు ఆగిపోయాక కూడా వెనక్కి వచ్చి అడిగినవాళ్ళకే గుండ్లకమ్మలో ఇచ్చారు.

ఇక జులై 4 సంగతి చూద్దాం. ఆ వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. ఊరి చివర బతికేవాళ్ళు, ఊరి పెత్తందార్ల దగ్గర పనిచేసేవాళ్ళు. సంఘంలో చేరేవాళ్ళని క్లౌ అడిగినవి ముఖ్యంగా మూడు. ఆదివారం పని చేయొద్దు. చచ్చిన పశువు మాంసం తినొద్దు. విగ్రహాలకి మొక్కొద్దు. వినడానికి తేలిగ్గా ఉన్నాయి. కానీ ఆదివారం పొలానికి రానంటే ఆసామికి కోపం. జాతరలో డప్పు కొట్టనంటే ఊరంతటికీ కోపం. చచ్చిన గొడ్డు మాంసం వద్దంటే ఆ పూట ఇంట్లో పస్తు. జులై 3న నదిలో మునిగి లేవడానికి ఒక్క నిమిషం చాలు. జులై 4 నుంచి అదే ఊళ్ళో, అదే ఆసామి ముందు, ప్రతి ఆదివారం ఆ మాట మీద నిలబడాలి.

అంతకు పన్నెండేళ్ళ ముందు, 1866లో, యర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ళ వ్యాపారి భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన పేరు చరిత్రలో మిగిలింది. తర్వాత వచ్చిన ఆ 2,222 మందిలో చాలామంది పేర్లు ఇప్పుడు ఎవరికీ గుర్తు లేవు. కానీ వాళ్ళు తమ ఊళ్ళల్లో నిలబడ్డారు కాబట్టే మా సంఘంలాంటివి ఇవాళ ఉన్నాయి.

దోర్నకల్ వైపు కూడా ఇలాంటిదే ఒక అలవాటు ఉండేది. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య, బాప్తిస్మం తీసుకున్న ప్రతివాడి చేతా తన తల మీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పే బాధ్యత నాది అని ఒప్పుకునేలా పలికించేవాడు. చదువు రాని కూలీ అయినా సరే. ఆ బాధ్యత పాస్టరుది, నాది కాదు అని తప్పించుకునే దారి మూసేశాడన్నమాట.

పిడికెడు బియ్యం లెక్క

మా నాయనమ్మకి చదువు రాదు. ముప్ఫయ్యేళ్ళకి పైగా మా చర్చిలో పిడికెడు బియ్యం లెక్క చూస్తోంది.

ఇది చాలా పాత పద్ధతి. ఇంట్లో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. అది దేవుడి భాగం. ఆదివారం ఆ డబ్బాలు చర్చికి తెచ్చి గోతంలో పోస్తారు. నెలాఖరు ఆదివారం ఆరాధన అయ్యాక బియ్యం అమ్ముతారు. ఆ డబ్బు సంఘంలో మంచాన పడ్డవాళ్ళ మందులకీ, పిల్లల పుస్తకాలకీ వెళ్తుంది. ఎవరెంత తెచ్చారో, ఎవరికెంత అమ్మారో నాయనమ్మ ఇంటి గోడ మీద సున్నం బొట్లు పెట్టుకుంటుంది. పాల లెక్కకి పెట్టే బొట్లే.

మా నాన్న ఒక సంగతి చెప్తుంటాడు. ఆయన చిన్నప్పుడు ఒక రాత్రి ఇంట్లో గింజ లేదు. మూలన చర్చి బియ్యం గోతం నిండుగా ఉంది. పిల్లలు దాని వంకే చూస్తున్నారు. నాయనమ్మ ఆ గోతం మీద గోనెపట్టా కప్పి, గిన్నె తీసుకుని పక్కింటికి బదులుకి వెళ్ళింది. రేపు తెచ్చి పోస్తే ఎవరికి తెలుస్తుందని నాన్న అడిగితే, "నాకు తెలుస్తది గదా" అందట.

2023 ఎండాకాలంలో నేను ఊరెళ్ళినప్పుడు ఆ నెల లెక్క నా చేత చేయించింది. గోడ మీద బొట్లు ఆమె చదువుతుంటే నేను ఫోన్‌లో కూడాను. 40 రూపాయలు తక్కువొచ్చింది. రెండుసార్లు కూడినా అంతే.

"నలభయ్యేగా నాయనమ్మా, నేను వేసేస్తాలే" అన్నాను.

"డబ్బులు కలిస్తే సరిపోద్దా అబ్బయ్యా? లెక్క కలవాలి గదా" అంది.

ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. పొద్దున్నే గుర్తొచ్చింది. ఒకామె కిలో బియ్యం తీసుకుని డబ్బులు తర్వాత ఇస్తానంది, ఆ బొట్టు పెట్టడం మర్చిపోయింది. వెళ్ళి అడిగి, 40 తెచ్చి డబ్బాలో వేసి, అప్పుడు టీ తాగింది.

నేను ఆ గోడ పక్కనే మంచం మీద కూర్చుని ఇదంతా చూశాను. నా లెక్కలో రెండున్నరేళ్ళు తక్కువ. అది నేను ఎవరికీ చెప్పలేదు.

ఒక చిన్న చెక్‌బాక్స్

ఆ తర్వాత రెండు నెలలకి నాకు ఇంకో కంపెనీలో ఆఫర్ వచ్చింది. జీతం దాదాపు రెట్టింపు. పాత చోట రిజైన్ చేసి నోటీస్ పీరియడ్‌లో ఉన్నాను. అప్పుడు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఫారం వచ్చింది. ఇంతకుముందు ఎక్కడెక్కడ పనిచేశారో నింపాలి. చివర్లో, పైన చెప్పినదంతా నిజమని ఒప్పుకుంటూ టిక్ పెట్టాలి.

ఒక మాట దాచకుండా చెప్తా. భయం కూడా ఉంది. ఇప్పుడు చాలా కంపెనీలు పీఎఫ్ రికార్డు చూస్తున్నాయి. యూఏఎన్‌లో ఎక్కడ ఎన్నాళ్ళు పనిచేశామో కనిపిస్తుంది కాబట్టి ఫేక్ దొరికిపోయే అవకాశం ఎక్కువ. అయినా దానికీ "సెట్ చేస్తాం" అనేవాళ్ళున్నారు. ఫోన్ నంబరు కూడా పంపాడు మావాడొకడు. కాబట్టి నేను కేవలం భయంతో ఆగిపోయానంటే అబద్ధం, కేవలం భక్తితో ఆగిపోయానన్నా అబద్ధమే. రెండూ కలిసే ఉన్నాయి. కానీ ఆ టిక్ దగ్గర నాకు గోడ మీద బొట్లే గుర్తొచ్చాయి.

నిజంగా పనిచేసిన కంపెనీ ఒక్కటే రాశాను. హెచ్‌ఆర్‌కి ఫోన్ చేసి, రెజ్యూమేలో మొదటి రెండున్నరేళ్ళు నిజం కాదని చెప్పాను. ఆవిడ తిట్టలేదు. కాసేపు మాట్లాడలేదు. సాయంత్రానికి ఆఫర్ రద్దయినట్టు మెయిల్ వచ్చింది. పాత మేనేజర్‌కి కూడా చెప్పాను. రిజైన్ చేసింది వెనక్కి తీసుకునే దారి అక్కడా మూసుకుపోయింది.

ఎనిమిది నెలలు ఉద్యోగం లేదు. ఇక్కడ ఒక అద్భుతం జరిగిందని రాస్తే కథ బాగుంటుంది. జరగలేదు. నాన్న అప్పు మీద వడ్డీ పెరిగింది. చెల్లి పెళ్ళి సంబంధం ఒకటి వాయిదా పడింది. హాస్టల్ మార్చి చౌకది చూసుకున్నా. చివరికి ఒక చిన్న కంపెనీలో రెండేళ్ళ అనుభవం ఉన్నవాడిగా చేరాను. పాత జీతం కంటే తక్కువ. ఇప్పటికీ నా బ్యాచ్‌వాళ్ళ కంటే వెనకే ఉన్నా. నిజాయితీగా ఉంటే దేవుడు వెంటనే రెట్టింపు ఇస్తాడని ఎవరైనా చెప్తే, నా పేస్లిప్ చూపిస్తాను. ఈసారి నిజమైనదే.

సాక్ష్యం వెనక్కి తీసుకున్న రోజు

ఉద్యోగం పోయిన విషయం ఇంట్లో చెప్పేశాను. ఇంకొకటి మిగిలింది. ఆ చర్చిలో నేను చెప్పిన సాక్ష్యం అలాగే ఉంది. దాన్ని ఉదాహరణగా చెప్పి పిల్లల్ని ఉపవాస ప్రార్థనలో కూర్చోబెడుతున్నారని విన్నాను.

అయ్యగారితో చెప్పాను. ఆయన చాలాసేపు విని, "దేవుడి దగ్గర ఒప్పుకున్నావుగా, చాలు నాయనా. అందరి ముందూ ఎందుకు?" అన్నారు. నా మంచికే అన్నారు. కానీ చెప్పింది అందరి ముందు కదా.

2023 డిసెంబర్‌లో, క్రిస్మస్‌కి ముందు ఆదివారం, అదే చోట నిలబడ్డాను. ఈసారి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. "ఆ రోజు నేను చెప్పిన ఉద్యోగం అబద్ధం కాగితాలతో వచ్చింది. దాన్ని దేవుడి మీద పెట్టాను. క్షమించండి." చప్పట్లు లేవు. స్తోత్రం అన్నవాళ్ళు కూడా లేరు. ఫ్యాను చప్పుడు వినిపించింది.

బయటికొచ్చాక ఒక పెద్దాయన, సంఘం పరువు తీశావన్నాడు. అంతకంటే ఎక్కువగా తగిలింది ఒక తమ్ముడి మాట. వాడి అన్న అప్పటికి ఏడాదిగా హైదరాబాద్‌లో ఇంటర్వ్యూల చుట్టూ తిరుగుతున్నాడు. "నువ్వు రెండేళ్ళు జీతం తీసుకున్నాక నీతులు చెప్తున్నావన్నా. మా అన్నకి ఆ రెండేళ్ళు ఎవరిస్తారు?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ లేదు. ఫ్రెషర్‌కి తలుపులు మూసేసి అనుభవం తెమ్మనే కంపెనీలకి కూడా ఇందులో భాగం ఉంది. ఆ తమ్ముడి అన్నని తప్పుపట్టే అర్హత నాకైతే లేదు. నా లెక్క నేను చెప్పుకోగలను, అంతే.

నాయనమ్మ ఇంటికొచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు. అన్నం పెడుతూ, "ఆ 500 ఎనక్కి అడగన్లే. అది దేవుడికిచ్చింది. నీ ఉద్యోగానికి కాదు" అంది.

కాగితాల మీద ఇంకో గడి

కాగితాల గురించి మాట్లాడుతున్నాం కాబట్టి ఇంకొక్క విషయం చెప్పకపోతే ఈ వ్యాసం కూడా సగం సాక్ష్యమే అవుతుంది.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులనీ, 1990లో బౌద్ధులనీ చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు బీసీ-సీ కిందకి వస్తారు. దానికి 1 శాతం రిజర్వేషన్. చర్చికి వెళ్ళినంత మాత్రాన ఊళ్ళో కులం చూపు మారదు. కానీ ఫారంలో మతం గడి దగ్గర అన్నీ మారిపోతాయి. అందుకే ఆదివారం ఒకలా, ఆఫీసు కాగితాల్లో ఒకలా బతికే కుటుంబాలు మన చుట్టూ చాలా ఉన్నాయి. ఇది మోసమా, బతుకుదెరువా అని బయటినుంచి తీర్పు చెప్పడం తేలిక. పిల్లల చదువు ఆ గడి మీద ఆధారపడ్డ తల్లిదండ్రులకి అది అంత తేలిక కాదు. చట్టం పెట్టిన ఈ ఇరకాటం మీద దశాబ్దాలుగా వాదన నడుస్తూనే ఉంది.

మా నాన్న నాకు బీసీ-సీ సర్టిఫికెట్టే తీయించాడు. దానివల్ల దూరంగా, ఎక్కువ ఫీజు ఉన్న కాలేజీలో చదివాను. ఆ అప్పే చాలాకాలం నడిచింది. అలా నిజం రాసిన నాన్న కొడుకుని నేను, నా రెజ్యూమేలో అబద్ధం రాశాను. ఇది రాయడం నాకు అన్నిటికంటే కష్టంగా ఉంది.

మామూలు విశ్వాసికి పనికొచ్చేవి

నేను పాస్టర్ని కాదు, బైబిల్ కాలేజీ మొహం చూడలేదు. కాబట్టి ఇది ప్రసంగం కాదు. పడి లేచిన ఒక మామూలు సభ్యుడికి పనికొచ్చిన నాలుగు విషయాలు.

మొదటిది, లెక్క అడిగే మనిషి. హైదరాబాద్‌లో నేను రెండేళ్ళు ఆరాధనని ఫోన్‌లోనే చూశాను. మంచం మీద పడుకుని, ప్రసంగం ఒకటిన్నర స్పీడ్‌లో. ఆన్‌కాల్ ఉన్న ఆదివారాలు లైవ్ చూడటం తప్పు కాదు, రాలేనివాళ్ళకి అది మేలే. కానీ యూట్యూబ్ పాస్టరుకి నేనెవరో తెలీదు. వారం ఎలా గడిచిందని అడగడు. ఇప్పుడు రూముకి దగ్గర్లో ఉన్న చిన్న సంఘానికి వెళ్తున్నా. పాటలు అంత బాగుండవు, మైకు గీపెడుతుంది. కానీ రెండు వారాలు కనిపించకపోతే ఒక అంకుల్ ఫోన్ చేస్తాడు. నా కథ మొత్తం ఆయనకి తెలుసు.

రెండోది, ఎవరూ చూడని పని ఒకటి. నాకు దొరికింది ప్రభువు బల్ల అయ్యాక చిన్న చిన్న గిన్నెలు కడిగే పని. ఫొటో తీసి స్టేటస్ పెట్టుకునేంత పని కాదు. అందుకే అది నాకు మంచిది.

మూడోది, సాక్ష్యం చెప్పే ముందు ఆగడం. దేవుడు చేశాడని చెప్పబోయే విషయంలో నేను చేసిన తప్పు ఏమైనా దాగుందా? ఈ ప్రశ్న వేసుకున్నాక నా సాక్ష్యాలు చిన్నవైపోయాయి. వాట్సాప్‌లో వచ్చే అద్భుతాల వీడియోలు ఫార్వర్డ్ చేయడం కూడా తగ్గింది. నిజమో కాదో తెలియనిదాన్ని దేవుడి పేరు మీద పంపడం కూడా ఒకలాంటి ఫేక్ పెట్టడమే.

నాలుగోది, చిన్న లెక్కలు. ఆఫీసు బిల్లులో ఆటో ఛార్జీ ఎక్కువ వేయకపోవడం, చేయని పనిని టైమ్‌షీట్‌లో రాయకపోవడం, తప్పు కోడ్ నాదైతే నాదని చెప్పడం. పెళ్ళి సంబంధాల దగ్గరికొచ్చేసరికి "క్రిస్టియనే, కానీ మన కులమే కావాలి" అనకపోవడం. ఈ చివరిది మా ఇంట్లోనే ఇంకా తెగలేదు. తెగిందని రాసి మళ్ళీ అబద్ధం చెప్పను.

వీటిలో దేనికీ చప్పట్లుండవు. గుండ్లకమ్మ నుంచి ఇంటికెళ్ళినవాళ్ళకి కూడా జులై 4న ఎవరూ చప్పట్లు కొట్టి ఉండరు. పొద్దున్నే లేచి పనికెళ్ళి ఉంటారు. మళ్ళీ ఆదివారం వచ్చినప్పుడు మాత్రం రామని చెప్పి ఉంటారు.

నాయనమ్మకి ఇప్పుడు చూపు సరిగ్గా ఆనడం లేదు. గోడ మీద బొట్లు మా చిన్నాన్న కూతురు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపిస్తుంది. నేను ఇక్కడ కూర్చుని కూడి, ఫోన్ చేసి చెప్తాను. నెలాఖరు ఆదివారం రాత్రి మా ఇద్దరికీ అదే పని.

పోయిన నెల 15 రూపాయలు తేడా వచ్చింది. ఇంకా వెతుకుతున్నాం.